తోటలో నకలు, లోపల అసలు: ఫ్లోరెన్స్ నుంచి తివోలి దాకా ఎనిమిది రోజులు

ఫ్లోరెన్స్ తోటల్లో పేరున్న శిల్పం ఏది కనిపించినా ముందు అనుమానించాలి. వానకీ మంచుకీ అరిగిపోతున్నాయని మంచి బొమ్మల్ని ఒక్కొక్కటిగా మ్యూజియాలకు చేర్చి, వాటి చోట నకళ్లు నిలబెట్టారు. ఫౌంటెన్ తొట్టి తోటలో ఉంటుంది, దాని మీద నిలబడాల్సిన సముద్ర దేవుడు నది దాటి అవతల ఒకప్పటి జైలు ముంగిట్లో ఉంటాడు. తోటలు వేరు, మ్యూజియాలు వేరు అనుకుని తిరిగేవాళ్లకు రెండూ సగం సగమే అర్థమవుతాయి. ఈ ఎనిమిది రోజుల వరస ఆ రెంటినీ జత కలపడానికి వేసిందే. మొదటి నాలుగు రోజులు ఫ్లోరెన్స్, తర్వాత దక్షిణంగా, రోము చుట్టూ ఉన్న లాత్సియో ప్రాంతపు కొండల్లోకి. అక్కడ లెక్క మారుతుంది. నీళ్లే అసలు వస్తువు కాబట్టి దాన్ని ఏ మ్యూజియానికీ తీసుకెళ్లలేకపోయారు.

బయల్దేరే ముందు

మే రెండో సగం, లేదా సెప్టెంబరు చివరి వారాలు మంచివి. కారణం ఎండ ఒక్కటే కాదు. ఫ్లోరెన్స్‌ను ఏలిన మెడిచీ వంశపు తోటలకు ప్రాణం కుండీల్లో పెంచే నిమ్మజాతి చెట్లు. శరత్కాలం చివర్లో మంచు పడకముందే వాటిని లిమొనాయా అనే పొడవాటి ఇంట్లోకి చేర్చి, వసంతం ముదిరాక మళ్లీ బయట పెడతారు. చలికాలంలో వెళ్తే ఖాళీ పీటలు కనిపిస్తాయి. జూలై, ఆగస్టుల్లో చెట్లుంటాయి గానీ గులకరాళ్ల బాటల మీద మధ్యాహ్నం నడవలేం, పైగా దోమలు.

రెండో సంగతి సోమవారం. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలు చాలావరకు ఆ రోజు మూతే. బోబొలి తోటకు నెలలో మొదటి, చివరి సోమవారాలు సెలవు. పిత్తి భవనం సోమవారం తెరవరు. పొదుగుడు రాళ్ల మ్యూజియం ఆదివారం మూత. అందుకే సోమవారం ఫ్లోరెన్స్ చేరి, మంగళవారం పొద్దున మొదలుపెట్టేలా కింద వరస ఉంది. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం. డబ్బు మిగులుతుంది, ఓపిక మిగలదు. సమయాలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందురోజు రాత్రి ఆయా సైట్లలో ఒకసారి సరిచూసుకోవాలి.

చెప్పులు వద్దు. అడుగున పట్టు ఉన్న బూట్లే వేసుకోవాలి. పాకుడు పట్టిన రాతి మెట్లు ఈ దారిలో చాలా ఉన్నాయి.

మొదటి రోజు, మంగళవారం: బోబొలి, పిత్తి

తోట 8:15కి తెరుస్తారు. ఆ వేళకే గేటు దగ్గర ఉండాలి. పిత్తి భవనాన్ని డ్యూకు కొసిమో దె మెడిచీ భార్య ఎలెయొనోరా దె తొలేదో 1549లో కొన్నది. వెనక కొండ మీద తోట గీసిన త్రీబొలో మరుసటి ఏడే పోయాడు. పనిని అమ్మన్నాతి, బుయొంతాలెంతి ముందుకు తీసుకెళ్లారు. భవనం వెనక గిన్నెలా కనిపించే రంగస్థలం నిజానికి రాతి గని. భవనానికి రాయి తవ్వగా మిగిలిన గుంతనే మెట్లు మెట్లుగా చెక్కి అలా మార్చారు. మధ్యలో ఉన్న ఈజిప్టు రాతి స్తంభం 18వ శతాబ్దం చివర్లో, గ్రానైటు తొట్టి 19వ శతాబ్దంలో వచ్చిన చేర్పులు. ఫొటోలన్నీ వాటివే గానీ అవి రినైజాన్సు కాలానివి కావు.

ముందు పైకి ఎక్కేయకండి. భవనం దాపునే, తోట ఉత్తరపు మూలన బుయొంతాలెంతి గుహ ఉంది. లోపలికి జనాన్ని గుంపులుగా, నిర్ణీత వేళల్లో పంపుతారు. ఆ వేళలు టికెట్ దగ్గరే అడిగి, దాన్ని బట్టి మిగతా తోట నడవాలి. గుహ 1583లో మొదలై పదేళ్లు సాగింది. మొదటి గది గోడలు చూడండి: గొర్రెలు, కాపరులు, మేకలు, అన్నీ సున్నపు ఊటలు గడ్డకట్టిన స్పంజు రాయితో, గులకరాళ్లతో, గవ్వలతో అతికి చేసినవి. వాటి వెంబడి అప్పట్లో నీళ్లు కారేవి. తడి గోడలోంచి బొమ్మలు అప్పుడే పుట్టుకొస్తున్నట్టు ఉండాలని ఆలోచన. నడికప్పులో ఉన్న వెలుతురు కన్నంలో ఒకప్పుడు చేపలు తిరిగే గాజు తొట్టి ఉండేది. ఎండ ఆ నీళ్లలోంచి దిగి గోడల మీద కదిలేది. నాలుగు మూలల్లో రాతిలో చిక్కుకున్న మనుషులు మైకెలాంజెలో చెక్కిన బందీలు. చెక్కడం సగంలో ఆగిన ఆ బొమ్మల్ని ఈ గుహలోకి పెట్టాలన్న ఊహ గొప్పది. వాటిని 1908లో ఊళ్లోనే ఉన్న అకాదేమియా మ్యూజియానికి తీసుకెళ్లారు, ఇప్పుడున్నవి పోతపోసిన నకళ్లు. మూడో చిన్న గదిలో శిల్పి జాంబొలోన్యా చెక్కిన వీనస్ ఉంది. దూరం నుంచే చూడనిస్తారు.

గుహ దగ్గరే తాబేలు మీద కూర్చున్న లావుపాటి మరుగుజ్జు బొమ్మ ఉంటుంది. కొసిమో కొలువులో ఉన్న మొర్గాంతె అతను. పిల్లలకు నచ్చుతుంది. అక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

ఇప్పుడు పైకి. రంగస్థలం మీదుగా నెప్ట్యూన్ కొలను, ఆపైన శిఖరం. ఎక్కడం 20 నిమిషాలు, నీడ లేదు. పైనున్న పింగాణీ మ్యూజియంలోవి 18, 19 శతాబ్దాల వస్తువులు. కాళ్లలో బలముంటేనే వెళ్లండి. అక్కడి నుంచి వియొత్తొలోనె దిగాలి. రెండు వైపులా సైప్రస్ చెట్లు, మధ్యలో పల్లానికి జారే పొడవాటి బాట. దిగేకొద్దీ అడుగున గుండ్రటి కొలను, ఇసొలొత్తో, పెద్దదవుతూ వస్తుంది. మధ్యలో నిలబడ్డ సముద్ర దేవుడు ఒషియానస్ నకలు. జాంబొలోన్యా చెక్కిన అసలుతో శుక్రవారం పని ఉంది కాబట్టి ఈ నకలును అన్ని వైపుల నుంచీ ఫొటో తీసి పెట్టుకోవాలి. బొమ్మ కాళ్ల దగ్గర ఒంగి కూర్చున్న ముగ్గురు నదీ దేవతల మీద కూడా కన్నేసి ఉంచండి.

పొర్తా రొమానా గేటు నుంచి బయటపడి వియా రొమానా మీదుగా పిత్తికి వెనక్కి నడిస్తే పావుగంట. మధ్యాహ్నం ఎండ వేళ పిత్తిలో గ్రాండ్ డ్యూకుల ఖజానాకు సరైన సమయం. అది కింది అంతస్తులో, వేసవి గదుల్లో ఉంది. ఇక్కడ మొదట చూడాల్సినవి లొరెంజో దె మెడిచీ పోగుచేసిన రాతి పాత్రలు. సార్డొనిక్స్, జాస్పర్, అమెథిస్ట్ పాత్రలు, కొన్ని పురాతన రోమువి. వాటి మీద ఆయన తన పేరు చెక్కించాడు: లావ్ర్ మెడ్. పాత్ర అందాన్ని చెడగొట్టేంత పెద్ద అక్షరాలు. ఆస్తి లెక్కల పుస్తకంలో రాసుకోవాల్సింది రాతి మీద రాసుకున్నాడు మహానుభావుడు. తర్వాత లాపిస్ లాజులి సీసా. 1583లో బుయొంతాలెంతి గీస్తే, బంగారు బిగింపులు ఒక ఫ్లెమిష్ కంసాలి చేశాడు. గుహ మొదలైన ఏడూ అదే. పొద్దున గోడల మీద బురదలా జారిన ఆకారాలు గీసిన చెయ్యే ఇక్కడ నీలపు రాతికి సన్నటి మెడ పెట్టింది.

తెలుగువాళ్లు ఇక్కడ అడిగే ప్రశ్న ఒకటుంది: మెడిచీల పసుపు వజ్రం ఏది? 137 క్యారెట్ల ఫ్లోరెంటైన్ వజ్రం ఇక్కడ లేదు. వంశంలో చివరిదైన ఆనా మరీయా లుయీజా 1737లో కుటుంబ సేకరణలేవీ ఫ్లోరెన్స్ దాటకూడదని ఒప్పందం రాయించింది. అందుకే ఈ ఊళ్లో ఇంకా చూడ్డానికి ఇన్ని మిగిలాయి. వజ్రం మాత్రం హాబ్స్‌బర్గుల వెంట వియన్నాకు వెళ్లిపోయింది.

రెండో రోజు, బుధవారం: రాతితో రంగులు

వియా దెలి అల్ఫానిలో ఉన్న పొదుగుడు రాళ్ల మ్యూజియం, ఓపిఫీచియో దెల్లె పియెత్రె దూరె, చిన్నది. గంటలో చూసేసి వెళ్లిపోతారు చాలామంది. రెండున్నర గంటలు పెట్టుకోండి, అందులో సగం పై అంతస్తుకి. గ్రాండ్ డ్యూకు ఫెర్దినాందో 1588లో పెట్టిన కార్ఖానాకు వారసురాలు ఇది. 1966 వరదల తర్వాత పెరిగి దేశంలోనే పేరున్న కళాఖండాల మరమ్మతు సంస్థ అయింది. తాజ్‌మహల్ గోడల మీద పువ్వులు చూసినవాళ్లకు ఇక్కడ కళ్లు త్వరగా అలవాటు పడతాయి. రంగురాళ్లు పొదిగే మన పచ్చీకారీ పనికి, ఇక్కడ కొమ్మెస్సో అనే పనికి పద్ధతి ఒకటే. తేడా ఎక్కడో వెతకాలి. తాజ్‌లో తెల్ల పాలరాతిని తొలిచి, ఆ గుంతలో రంగు రాళ్లు కూరుస్తారు. ఫ్లోరెన్స్ బల్లల్లో నేపథ్యం కూడా ముక్కలే. నల్లరాయితో సహా మొత్తం పలకంతా ముక్కల జోడింపు. ఢిల్లీ ఎర్రకోటలో షాజహాన్ సింహాసనం వెనక తీగల వాద్యం వాయిస్తున్న ఆర్ఫియస్ పలక ఈ ఫ్లోరెన్స్ పనేనని నిపుణుల మాట.

పై అంతస్తులో పనిబల్లలు, రాతి నమూనాలు, పరికరాలు ఉన్నాయి. పని ఎలా సాగుతుందో అక్కడ నిలబడి మనసులో ఒక్కసారి నడపండి. ముందు రాయిని సుమారు 3 మిల్లీమీటర్ల మందాన పలచటి పలకలుగా కోస్తారు. బొమ్మ గీసిన కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి, ఏ ముక్కకు ఏ రాతిలో ఏ చోట కుదురుతుందో వెతుకుతారు. ఇదే అసలు ప్రతిభ. ఆకు మీద నీడ కావాలంటే రంగు వెయ్యరు. పచ్చ జాస్పర్‌లో ముదురు మచ్చ ఎక్కడుందో చూసి, ఆ మచ్చ సరిగ్గా ఆకు మడత మీద పడేలా కాగితాన్ని అంటిస్తారు. తర్వాత విల్లు. వంచిన కర్రకు ఇనుప తీగ కట్టి, తీగ మీద తడి ఎమరీ పొడి వేస్తూ కోస్తారు. మన కురువిందం జాతి పొడే ఇది. రాతిని కోసేది పొడే, తీగ దాన్ని మోసుకెళ్తుందంతే. తీగను హడావిడిగా నొక్కితే అంచు పలుకులు రేగుతుంది, ఆ ముక్క పారేయడమే.

ముక్క అంచును నిటారుగా కోయరు, కొద్దిగా లోపలికి వాలుగా కోస్తారు. పై ముఖాలు వెంట్రుక కూడా దూరనంత దగ్గరకు వస్తాయి, అడుగున ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి తేనెమైనం, పైన్ జిగురు కలిపిన వేడి ముద్ద దిగి, కింద పలకరాతికి గట్టిగా పట్టుకుంటుంది. నిటారుగా కోసి ఉంటే ముద్ద ఎక్కడికీ పోలేక పైకి ఉబికి అతుకు గీత కనిపించేది. చివరికి పలకంతా ఒకే మట్టానికి అరగదీస్తారు. ఇక్కడ వచ్చే చిక్కు: లాపిస్ మెత్తన, అగేట్ గట్టి. పక్కపక్కన ఉన్నప్పుడు మెత్తది ముందు అరిగి గుంత పడుతుంది. కింది అంతస్తులో బల్లల్ని ఒక పక్క నుంచి, వెలుతురుకు ఎదురుగా వంగి చూడండి. ఎత్తుపల్లాలు లేని బల్ల ఎంత అరుదో అప్పుడు తెలుస్తుంది. కాపలావాళ్లు మరీ దగ్గరికి వంగితే అడ్డు చెబుతారు. చేతులు వెనక్కి కట్టుకుంటే కాస్త ఊరుకుంటారు.

మధ్యాహ్నం సాన్ లొరెంజో వెనక ఉన్న మెడిచీ సమాధుల గుడికి నడవాలి. 1604లో మొదలైన అష్టభుజి మందిరం గోడలన్నీ ఈ పనే. కింద వరసలో ఫ్లోరెన్స్ చుట్టూ ఉన్న తోస్కానా ప్రాంతంలోని 16 పట్టణాల రాజముద్రలు. అదే పనిని బల్ల మీద చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇక్కడ కలగదు. రాయి ఎక్కువైపోయి ఊపిరాడదు. నేల పూర్తయింది 1962లో. రాజవంశం పోయిన రెండు శతాబ్దాల తర్వాత.

మూడో రోజు, గురువారం: కస్తెల్లో, పెత్రాయా, బొడ్డుమల్లె

ఫ్లోరెన్స్ వాయవ్య శివార్లలో సెస్తో ఫియొరెంతీనో వైపు వెళ్లే ఊరి బస్సు ఎక్కాలి. టికెట్ ముందే పొగాకు దుకాణంలో కొని, ఎక్కగానే యంత్రంలో కొట్టించాలి. కొట్టించని టికెట్ లేనట్టే, జరిమానా పడుతుంది.

కస్తెల్లో తోటకు టికెట్ లేదు. భవనంలో ఇటాలియన్ భాషా అకాడమీ ఉంది కాబట్టి లోపలికి రానివ్వరు, చుట్టూ తిరిగి తోటలోకే. 1538లో త్రీబొలో మొదలుపెట్టిన ఈ తోట, బోబొలికి అక్క. ఫౌంటెన్లలో ముఖ్యమైనవి ఇక్కడ లేవు. ఎంత ఖాళీగా ఉంటుందో చెప్పకపోతే నిరాశపడతారు. హెర్క్యులిస్ అంతేయస్‌ను నలిపే కంచు బొమ్మ కూడా చోటు మారింది. మిగిలింది మూడు.

ఒకటి, జంతువుల గుహ. మూడు తొట్ల మీద, రాతి గోడల ముందు, ఏనుగు, ఒంటె, ఖడ్గమృగం, సింహం, పంది, ఒక్కోటి ఒక్కో రంగు రాతిలో. నేలలో సన్నటి గొట్టాలు దాచి, అతిథులు లోపలికొచ్చాక తలుపు మూసి కింది నుంచి నీళ్లు చిమ్మించేవారు. సున్నం ఎక్కువున్న నీళ్లు సన్న గొట్టాల్ని కొన్నేళ్లలోనే మూసేస్తాయి. ఇలాంటి ఆట ఏ తోటలో చూసినా మొదట చచ్చిపోయేది ఇదే. ఇక్కడి కంచు పక్షులు రేపటి లెక్కలో ఉన్నాయి.

రెండు, నిమ్మ కుండీలు. వందల కుండీల్లో నారింజ, నిమ్మ, మాదీఫలం రకాలు. ఇంప్రునేతా మట్టి కుండీలు ఇవి. ఆ మట్టి మంచుకు పగలదు, అందుకే తరాలుగా అదే వాడుతున్నారు. బిజ్జర్రీయా ఏదని తోటమాలిని అడగండి. ఒకే చెట్టుకు నారింజ, మాదీఫలం, సగం అదీ సగం ఇదీ అయిన కాయలు కాస్తాయి. అంటు కట్టినచోట రెండు చెట్ల కణాలు కలిసి ఒకే కొమ్మగా పెరగడం వల్ల వచ్చిన రకం. 1644లో ఫ్లోరెన్స్ దగ్గరే బయటపడింది. తర్వాత పోయిందనుకుని, 20వ శతాబ్దం చివరి పాదంలో మళ్లీ కనుక్కున్నారు. విత్తనంతో రాదు, కొమ్మ అంటుతోనే. ఆ కొమ్మ కూడా కొన్నేళ్లకు ఏదో ఒక తల్లి వైపు తిరిగిపోతుంది, అలా తిరిగిన రెమ్మల్ని కత్తిరిస్తూ ఉండాలి.

మూడోది, మన సంగతి. తోట పక్కన ప్రహరీ కట్టిన చిన్న చోటు, దానికో వెచ్చటి గది. పేరు స్తూఫా దెయి ముగెరీని. గ్రాండ్ డ్యూకు మూడో కొసిమోకు 17వ శతాబ్దం చివర్లో గోవా వైపు నుంచి, పోర్చుగల్ రాజు కానుకగా వచ్చిన మొక్కకు కట్టించిన ఇల్లది. మొక్క ఏమిటంటే బొడ్డుమల్లె. రేకులు ఒత్తుగా ముడుచుకుని గులాబీ మొగ్గలా ఉండే రకం. ప్రపంచమంతా దాన్ని ‘తోస్కానా గ్రాండ్ డ్యూక్ మల్లె’ అంటుంది. ముగెరీనో అన్న పేరు మోగ్రా నుంచి వచ్చిందంటారు. డ్యూకు ఒక్క రెమ్మ కూడా బయటికి పోనివ్వలేదని, ఒక తోటమాలి తన ప్రియురాలికి రెమ్మ ఇచ్చేసి దాన్ని ఊరికి అంటించాడని అక్కడ కథ. గుంటూరు, నంద్యాల ఇళ్ల ముందు సాయంత్రం పూట మూరల లెక్కన అమ్మే పువ్వు, ఇక్కడ కాపలాలో పెరిగింది. పూత జూన్ నుంచి. మేలో వెళ్తే ఆకులే.

పెత్రాయా అక్కడికి నడక దూరం, 15 నిమిషాల ఎత్తు దారి. ఇంట్లోకి గుంపులుగా తీసుకెళ్తారు. అందులో చిత్రకారుడు జూస్తో ఊతెన్స్ 1599 నుంచి 1602 మధ్య వేసిన అర్ధచంద్రాకారపు పటాలు 14 ఉన్నాయి. మెడిచీల తోటలు ఒక్కొక్కటిగా, గాల్లోంచి చూసినట్టు. ఈ రోజంతా వీటికోసమైనా పెట్టుకోవచ్చు. కస్తెల్లో పటం ముందు నిలబడి, పొద్దున చూసిన ఖాళీ చోట్లలో ఏ ఫౌంటెన్ ఉండేదో పూరించుకోండి. బోబొలి పటంలో ఇసొలొత్తో కనిపించదు. అది ఆ పటం తర్వాత వచ్చింది.

నాలుగో రోజు, శుక్రవారం: బార్జెల్లో, ఆపైన రైలు

బార్జెల్లో పాత జైలు, ఇప్పుడు మ్యూజియం. ముంగిట్లోనే ఒషియానస్ అసలు బొమ్మ ఉంది. మంగళవారం తీసిన ఫొటో తీసి పక్కన పెట్టి చూడండి. భుజాల మీద, గడ్డం మడతల్లో వాన తిన్న గుర్తులున్నాయి. మేడ మీది వరండాలో కస్తెల్లో గుహ కంచు పక్షులు. వాటిలో టర్కీ కోడి ముందు కనీసం పది నిమిషాలు. జాంబొలోన్యా 1560ల్లో చేసినప్పుడు అమెరికా నుంచి వచ్చిన ఆ పక్షి యూరపుకు ఇంకా కొత్తే. మెడ కింద వేలాడే తోలు, ఉబ్బిన రొమ్ము ఈకలు నున్నగా తీర్చలేదు. మట్టిలో వేళ్లతో నొక్కినట్టున్న గీతలు కంచులో అలాగే మిగిలిపోయాయి. గుహలో తడి కొట్టే వెలుతురులో అవి కదిలినట్టుండేవి.

మాయొలికా గది ఇదే భవనంలో. కాల్చిన మట్టి పళ్లేన్ని తగరం కలిపిన తెల్లపూతలో ముంచి, ఆ పొడి ఆరగానే దాని మీద బొమ్మ వేస్తారు. పొడి తడిని వెంటనే పీల్చేస్తుంది కాబట్టి కుంచె ఆపితే మచ్చ, దిద్దడానికి లేదు. రెండో కాల్పులో పూత, రంగు కలిసి గాజవుతాయి. పళ్లేల అంచుల్లో వేగంగా పోయిన గీతలు, మొహాల దగ్గర తడబడిన గీతలు వేరు చేసి చూడటం సరదా.

కర్రాన్ సేకరణ గురించి ఒక మాట. లియోన్ వ్యాపారి కుటుంబంలో పుట్టిన లూయీ కర్రాన్ 1888లో మూడు వేలకు పైగా వస్తువులు ఈ ఊరికి రాసిచ్చాడు. దంతపు దువ్వెనలు, ఎనామెల్ పెట్టెలు, తాళాలు, కత్తిపిడులు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లకు ఈ వరస చిరపరిచితమే. ఒక్క మనిషి రుచి గదులు గదులుగా. అక్కడ ముసుగు రెబెక్కా బొమ్మ చెక్కిన బెంజోని రోములో పనిచేసినవాడే.

బార్జెల్లో ఎప్పుడు మూస్తారన్నది రోజును బట్టి మారుతుంది. మధ్యాహ్నానికి బయటపడి లాత్సియోలోని వితెర్బో ఊరికి రైలు పట్టాలి. ప్రాంతీయ రైల్లో ఓర్తెలో దిగి మారాలి. ఓర్తె నుంచి రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే చాలాసేపు స్టేషన్లో కూర్చోవాలి. కాగితం టికెట్ ఎక్కే ముందు ప్లాట్‌ఫారం యంత్రంలో కొట్టించండి.

ఐదో రోజు, శనివారం: కప్రరోలా

ఆదివారం బస్సులు మరీ తక్కువ కాబట్టి దీన్ని శనివారమే పెట్టాం. వితెర్బో నుంచి కొత్రాల్ అనే ప్రాంతీయ సంస్థ బస్సు. దిగే ముందే తిరుగు బస్సు వేళ డ్రైవర్‌ని అడిగి రాసుకోండి. ఊరి మధ్యలో నిటారుగా కొండెక్కే వీధి, దాని కొసన ఐదు మూలల ఫర్నేసె భవనం. కోటగా మొదలైన పునాదుల మీద 1559 నుంచి వాస్తుశిల్పి వింయోలా భవనం లేపాడు. భవనానికి దారి సూటిగా రావాలని ఊరి ఇళ్ల మధ్యనే వీధి కోయించారు. బయట పంచభుజి, లోపల వలయాకారపు ముంగిలి. మేడ మెట్లు 30 జంట స్తంభాల చుట్టూ మెలికలు తిరుగుతూ ఎక్కుతాయి. మధ్యలో నిలబడి తలెత్తి చూడండి. పటాల గదిలో 1574 నాటి ఖండాల పటాలున్నాయి. ఆసియా పటంలో మన ద్వీపకల్పం ఆకారం ఎంతవరకు వచ్చిందో పోల్చుకోవడం తెలుగువాళ్లకు దొరికే అదనపు ఆట.

పై తోటకు వేళలు వేరు. టికెట్ దగ్గరే ఆ వేళ రాయించుకోకపోతే కొండ దిగి రావాల్సిందే. అడవిలోంచి పది నిమిషాల ఎక్కుడు తర్వాత డాల్ఫిన్ల వరసగా చెక్కిన నీటి గొలుసు, దాని పైన రెండు నదీ దేవతలు, ఆపైన చిన్న విహారగృహం. భవనం కంటే ఇదే బాగుంటుంది, చాలామంది అక్కడిదాకా రారు.

ఆరో రోజు, ఆదివారం: బాన్యాయలో విల్లా లాంతె

వితెర్బో నుంచి ఐదు కిలోమీటర్లు లోపే. ఆదివారం బస్సు లేకపోతే టాక్సీ భరించగలిగినంతే. ఈ దారిలో ఒక్క తోటే చూడగలిగితే ఇదే చూడాలి.

కార్డినల్, అంటే పోపు కింది పెద్ద మతగురువు, గంబారా 1568 నుంచి కట్టించాడు. రూపకల్పన వింయోలాదని చెబుతారు, నీటి పని సియెనా ఇంజినీరు తొమ్మాసో గినూచ్చిది. రాయి అక్కడి పెపెరీనో, బూడిద రంగు అగ్నిపర్వత శిల. మెత్తగా చెక్కుడు పడుతుంది, నాచు త్వరగా పడుతుంది. ఈ తోటను కింది గేటు నుంచి లోపలికి పంపుతారు. అక్కడే మొదటి పొరపాటు. చతురస్రపు బాక్స్ పొదల నమూనాలు, మధ్యలో రాతి పడవలున్న నాలుగు కొలనులు చూస్తూ నెమ్మదిగా పైకి పోతే కథ తిరగబడుతుంది. పక్క మెట్ల మీదుగా, కుడి ఎడమలు చూడకుండా నేరుగా పైకి వెళ్లిపోండి. అడవి అంచున నాచు పట్టిన గుహలోంచి నీళ్లు విడిగా దూకే చోటు, ప్రళయపు ఫౌంటెన్. అక్కడి నుంచి నీటి వెంట దిగండి.

నీళ్లు ముందు డాల్ఫిన్ల ఫౌంటెన్‌లోకి, తర్వాత నీటి గొలుసులోకి. రాతిని పొడవునా రొయ్యజాతి జీవి ఒళ్లులా, కాళ్లు పక్కలకు చాపినట్టు చెక్కారు. ఇటాలియన్‌లో దాని పేరు గంబెరో, యజమాని పేరు గంబారా. మోకాళ్ల మీద కూర్చుని లోపలి రాతిని దగ్గరగా చూడండి. నేల నున్నగా లేదు. నిర్ణీత దూరంలో రాతి మడతలు అడ్డంగా లేచాయి. ఒక్కో మడత ముందు నీరు కొంచెం ఆగి, ఉబ్బి, వంపు తిరిగి పక్క మడత మీద పడుతుంది. రాయి అలలా చెక్కి ఉంటే, నీరు దాన్ని అనుసరించి అదే అలను మళ్లీ చేస్తుంది. నున్నటి కాలువైతే ఇదే వాలులో నీరు గాజు పలకలా జారిపోయేది, చప్పుడు కూడా ఉండేది కాదు. నాచు మడతల్ని పూడిస్తే ఈ అల చదునైపోతుంది. శుభ్రం చేశాక కొన్ని రోజులే గొలుసు అందంగా ఉంటుంది.

గొలుసు కొసన ఆ రాతి జీవి ముందుకాళ్ల మధ్య నుంచి నీళ్లు రెండు నదుల దేవతల ఫౌంటెన్‌లోకి పడతాయి. తర్వాత కార్డినల్ బల్ల. పొడవాటి రాతి బల్ల, మధ్యలో పొడవునా నీటి కాలువ. అందులో చల్లదనానికి ద్రాక్షసారా పాత్రలు తేలేసేవారు. దాని కింద దీపాల ఫౌంటెన్. పుటాకారం, కుంభాకారం అయిన వలయపు మెట్ల మీద చిన్న రాతి దీపాల్లోంచి సన్నటి ధారలు. పొద్దున తూర్పు వెలుతురు తగిలినప్పుడు నిజంగానే వత్తి వెలిగినట్టుంటుంది. అప్పుడు మాత్రమే కింది చతురస్రాన్ని పై నుంచి, వచ్చిన నీళ్లు ప్రశాంతంగా కొలనుల్లో నిలబడ్డట్టు చూడండి. ఈ తోటలో భవనం మధ్యలో లేదు. రెండు ఒకే పోలిక మేడలు పక్కలకు తప్పుకుని నీటికి దారిచ్చాయి. రెండోది కార్డినల్ మొంతాల్తో కట్టించాడు.

ఏడో రోజు, సోమవారం: రోములో ఒక మెట్ల పాఠం

తివోలి సోమవారం పొద్దున తెరవదు కాబట్టి మంగళవారానికి. వాటికన్ మ్యూజియాలు సోమవారం ఉంటాయి, టికెట్ ముందే. అక్కడ పైన్‌కోను పెట్టిన ముంగిట్లో నిలబడితే చాలు. వాస్తుశిల్పి బ్రమాంతె పోపు రెండో జూలియస్ కోసం కొండ వాలుని మూడు మెట్లుగా, ఒకే గీతలో, మెట్ల వరసలతో కలిపాడు. ఐదారు రోజులుగా చూస్తున్న తోటలన్నీ ఆ ఆలోచన పిల్లలే. తర్వాత ఒక పోపు మధ్యలో గ్రంథాలయం కట్టించి ఆ చూపు తెగ్గొట్టాడు. మిగతా రోజు విశ్రాంతి.

ఎనిమిదో రోజు, మంగళవారం: తివోలి, విల్లా దె ఎస్తె

రోమ్ తిబుర్తీనా స్టేషన్ నుంచి రైలు, సుమారు గంట. లేదా పొంతె మమ్మొలో నుంచి కొత్రాల్ బస్సు. 1550లో తివోలికి గవర్నరైన కార్డినల్ ఇప్పొలితో దె ఎస్తె, వాస్తుశిల్పి పీర్రో లిగొరియో చేత గీయించిన తోట ఇది. ఊరి కింద నుంచి సొరంగం తవ్వి అన్యేనె నది నీళ్లు మళ్లించారు. ఎక్కడా పంపు లేదు, మొత్తం పల్లపు బలమే. లిగొరియో లెక్కలన్నీ ఎంత ఎత్తు నుంచి వదిలితే ఏ ధార ఎంత లేస్తుందన్న దాని మీదే.

నీటి ఆర్గన్ 10:30 నుంచి రెండు గంటలకోసారి వాయిస్తుంది. పది నిమిషాల ముందే ఎదురు మెట్ల మీద చోటు చూసుకోండి. పని తీరు ఇదీ. పై నుంచి పడే నీరు సుడి తిరుగుతూ గొట్టంలోకి దిగేటప్పుడు గాలిని కూడా లాక్కుపోతుంది. కింద మూసిన గదిలో నీరు అడుగుకు, గాలి పైకి విడిపోతాయి. పైనుంచి నీరు పడుతూనే ఉండటంతో గాలికి ఒత్తిడి పెరిగి గొట్టాల వైపు తోసుకుపోతుంది. బయటికి పోయే నీరు చక్రాన్ని తిప్పితే, దానికి కలిపిన మేకుల డోలు తిరిగి మీటల్ని ఎత్తుతుంది. ఏ మేకు ఎక్కడుందో అదే రాగం. 1560ల చివర్లో ఫ్రెంచ్ కళాకారులు అమర్చిన ఈ యంత్రం సున్నపు పొరతో, తుప్పుతో పాడై శతాబ్దాలు మూగబోయింది. 2003లో కొత్త గొట్టాలతో మళ్లీ పలికించారు. గాలి తడిగా వస్తుంది కాబట్టి శ్రుతి కొంచెం వణుకుతుంది. అది దోషం అనుకోనక్కర్లేదు.

వంద ఫౌంటెన్ల నడవలో సున్నపు నీళ్ల పని ఇంకా బాగా కనిపిస్తుంది. వరసగా ఉన్న రాతి మొహాలు కొన్నింటికి కళ్లు, ముక్కు నాచు, సున్నం కింద మునిగిపోయాయి, నోట్లోంచి ధార మాత్రం వస్తూనే ఉంది. పై వరసలో పడవలు, గద్దలు, లిల్లీ పువ్వులు. గద్ద ఎస్తె వంశపు గుర్తు. ఊరి వైపు కొసన ఓవల్ ఫౌంటెన్, రెండో కొసన రోము నగరాన్ని చిన్నగా కట్టిన రొమెత్తా. కింద చేపల కొలనుల దగ్గర నిలబడి పైకి చూస్తే కనిపించే నెప్ట్యూన్ జలపాతం మాత్రం 1927 నాటి చేర్పు. ఫొటోల్లో అదే ఎక్కువ. పాత దాన్ని చూడాలంటే దానికి వీపు తిప్పి, వంద ఫౌంటెన్ల మెట్టుకు మళ్లీ ఎక్కాలి. సాయంత్రం గేటు మూసే వేళ దగ్గరపడేకొద్దీ జనం తగ్గుతారు, చివరి ఆర్గన్ వేళకు మెట్ల మీద చోటు దొరుకుతుంది. తిరుగు రైలు వేళ మాత్రం మర్చిపోకండి, స్టేషన్ నది అవతల ఉంది, 20 నిమిషాల నడక.